తెల్లారేసరికి ముప్పై

మా ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. మా ఇద్దరి మధ్య గొడవ మాత్రం ఇంకా తెగలేదు.

గొడవ కారు టైర్లలో గాలి గురించి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత కుదరకపోవచ్చు.

నా పేరు ఈశ్వరయ్య. పత్తికొండ దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివాను. ఇక్కడి యూనివర్సిటీలో ముప్పై రెండేళ్ళు బస్సు తోలాను. ఒక్క రోజు కూడా గాలి దిగిన టైరుతో రోడ్డు మీద నిలబడలేదు. రోజూ పొద్దున ఇనుప రాడ్డుతో ఆరు టైర్లనూ కొట్టి చప్పుడు వినేవాణ్ణి. గాలి సరిగ్గా ఉంటే టైరు ఠంగుమంటుంది. తక్కువైతే తడి దుప్పటిని కొట్టినట్టు ఉంటుంది. డిపోలో నన్ను ఠంగు ఈశ్వరయ్య అనేవాళ్ళు. నా వెనక అనేవాళ్ళు. ముందు అంటే రాడ్డు నా చేతిలోనే ఉండేది.

మీటర్లు అబద్ధం చెబుతాయి, చెవి చెప్పదు. ఇది నా సిద్ధాంతం.

మా ఆవిడ అన్నపూర్ణ అదే క్యాంపస్‌లో ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటు. ఆమె సిద్ధాంతం వేరు.

"మీటరు కూడా అబద్ధం చెప్తాది. కానీ ఎంత అబద్ధం చెప్తాదో కొలిచి చూసుకోవచ్చు. మొగోళ్ళతో ఆ సౌకర్యం లేదు" అనేది.

ఇట్లాంటి మనిషితో ముప్పై ఏడేళ్ళు కాపురం చేశాను.

నేను రిటైరయ్యాక చిన్న తెల్ల కారు కొన్నాం. గాలి ముప్పై అయిదు పాయింట్లు పెట్టించాను, నాలుగు చక్రాలకూ. బస్సు తోలినవాడికి అంతకంటే తక్కువ పెట్టడం చేతకాదు. నిజానికి ముప్పై అయిదు కూడా నాకు నామర్దాగానే ఉండేది.

ఆ తర్వాతి ఏడాది అన్నపూర్ణ వెన్నుపూసలు అరిగాయని డాక్టరు చెప్పాడు. అప్పుడు మొదలైంది.

"ఏమయా, గాలి ముప్పై పెట్టియ్యరాదా. గుంతలో పడితే నడుము తెగిపోయినట్ల అయితాంది."

"ముప్పై పెడితే టైరు నలుగుతాది. నేను బస్సు తోలినోన్ని."

"ఇది బస్సు కాదు కదయా. ఇందులో ఉండేది నేనొక్కదాన్నే."

"నువ్వొక్కదానివే నలభై మంది పెట్టు."

ఆరు నెలలు ఇదే పాట. ఇంటి నుంచి క్యాంపస్ గేటు దాకా ఆమె ముప్పై, గేటు నుంచి ల్యాబు దాకా నేను ముప్పై అయిదు. తర్వాత ఒక సోమవారం ఆమె అడగడం మానేసింది. మరుసటి సోమవారం కూడా అడగలేదు. పదకొండేళ్ళు అడగలేదు.

నేను గెలిచాననుకున్నాను. పదకొండేళ్ళు కారెక్కినప్పుడల్లా, "చూసినావా, ముప్పై అయిదుతో బండి ఎట్ల పోతాందో" అని ఆమెకు గుర్తు చేశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. ఏమీ అనేది కాదు.

ఇప్పుడు జరిగినదానికి వస్తాను.

ఈ ఆషాఢంలో ఒక ఆదివారం చారు పెట్టుకుందామని జీలకర్ర కోసం వెతికాను. ఆ వంటింట్లో ఆమె పెట్టిన డబ్బాలు అట్లాగే ఉన్నాయి. నేను ముందు వరుస దాటి వెనక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళాను. మెంతుల డబ్బాలో మెంతులు లేవు. గుడ్డలో చుట్టిన స్టీలు పుల్ల ఒకటి ఉంది, పెన్నంత. టైరు గాలి చూసే మీటరు. ఒక చివర టైరు మూతికి ఆనిస్తే రెండో చివర నుంచి అంకెలున్న పుల్ల బయటికి వస్తుంది.

గుడ్డ మీద ఆమె చేతిరాత: 'పొద్దున చూడాలి. బండి కదలకముందు.'

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె మీటరుతోనే ముప్పై అయిదు కొలిచి, తీసుకెళ్ళి హాల్లో ఉన్న ఆమె ఫోటో ముందు పెట్టాలి. నీ మీటరు, నా మాట. చూసుకో. అంతటితో కేసు కొట్టేసినట్టే.

చచ్చినవాళ్ళతో వాదన గెలవడం సులభం అనుకునేవాడి కంటే మూర్ఖుడు లేడు. అది తర్వాత తెలిసింది.

సోమవారం సాయంత్రం తార్నాక చౌరస్తాకు ఇవతల పరుశురాం పంచరు షాపులో గాలి కొట్టించాను. కారు కొన్నప్పటి నుంచీ అతని దగ్గరే. నన్ను చూస్తూనే, "ముప్పై అయిదు సార్ వచ్చిన్రు" అంటాడు. గోడకున్న రెండు మీటర్లలో పసుపు దారం కట్టినదాన్ని తీస్తాడు. అది ఆయుధపూజ దారం. నేను వెళ్ళినప్పుడల్లా పూజ చేసిన మీటరే తీస్తాడు. పనివాడంటే అట్లా మర్యాద తెలిసి ఉండాలి. ముందు కాస్త గాలి వదులుతాడు, తర్వాత కొడతాడు, ముల్లు నాకు చూపిస్తాడు. ముప్పై అయిదు.

మంగళవారం పొద్దున, కారు కదలకముందు, షెడ్డులోకి వెళ్ళి ఆమె మీటరు పెట్టాను.

ముప్పై.

రెండో చక్రం. ముప్పై. మూడోది. ముప్పై. నాలుగోది ముప్పై.

పంచరైతే ఒక చక్రం దిగుతుంది. దొంగైతే చక్రాన్నే ఎత్తుకుపోతాడు. నాలుగు చక్రాలలోంచీ సరిగ్గా అయిదేసి, ఒక్క గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు, కొలిచి తీసే చెయ్యి ఈ లోకంలో నాకు ఒక్కటే తెలుసు. ఆ చేతికి నేనే నిప్పు పెట్టాను.

అప్పుడే క్యాంపస్ వైపు గోడ మీద నెమలి అరిచింది. వానాకాలంలో అవి మా సందు దాకా వస్తాయి. ముప్పై రెండేళ్ళు విన్న అరుపే. ఆ రోజు మాత్రం ఆడమనిషి లోపలి గదిలోంచి 'ఏమయా' అన్నట్టు వినిపించింది.

సాయంత్రం మళ్ళీ పరుశురాం దగ్గరికి వెళ్ళాను.

"నిన్ననే కొట్టిన కదా సార్?"

"తెల్లారేసరికి ముప్పైకి దిగింది."

"ముప్పై అని ఎవరు చెప్పిన్రు?"

"మా ఆవిడ."

ఆమె మీటరు అని నా ఉద్దేశం. పరుశురాం చేతిలోంచి గాలి పైపు జారి పాములాగా బుసకొడుతూ నేల మీద పొర్లింది. దాన్ని పట్టుకోవడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది.

"అమ్మ... చెప్పిందా సార్?"

"పొద్దున్నే చెప్పింది."

అతను గోడ దగ్గరికి నడిచాడు. ఆ దారం మీటరుతోనే కొట్టాడు. ముల్లు ముప్పై అయిదు మీద నిలబడింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ గాలికి వెళితే షాపు గుమ్మానికి కొత్త నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

బుధవారం పొద్దున ముప్పై.

మీటరు పాడైందేమో చూద్దామనుకున్నాను. మా పై వాటాలో గుడివాడ వైపు నుంచి వచ్చిన రాహేలు అనే రిటైరైన టీచరమ్మ, ఆమె కొడుకు డేనియల్ అద్దెకు ఉంటారు. డేనియల్ బైకు వెనక చక్రం కొలిస్తే ముప్పై మూడు చూపించింది. నిన్న రాత్రే బంకులో ముప్పై మూడు కొట్టించానన్నాడు. మీటరు బంగారంలా ఉంది.

"ఏమైందండీ అంకుల్?"

"రోజూ గాలి దానంతటదే పోతాంది."

ఈ మాట పైకి వెళ్ళింది. కింద అన్న మాట పైకి వెళ్ళకుండా ఉండాలంటే స్లాబు ఇంకా మందంగా వేయించాల్సింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. చెప్పడం నాకు ఇష్టం లేదు.

అన్నపూర్ణకు గుండె నొప్పి వచ్చిన రోజు అంబులెన్సు కోసం ఆగకుండా నేనే కారులో కూర్చోబెట్టాను. మా ఇంటి నుంచి విద్యానగర్‌లో ఆస్పత్రికి క్యాంపస్ లోంచి అడిక్‌మెట్ మీదుగా దగ్గర దారి. ఆ దారిలో స్పీడు బ్రేకర్లు పదకొండు. బస్సు తోలేటప్పుడు లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టాను. ముందు రోజు సాయంత్రమే ముప్పై అయిదు కొట్టించి ఉన్నాను. రాయిలాంటి టైర్లు. ఒక్కో బ్రేకరూ వచ్చినప్పుడల్లా ఆమె మొహం చూశాను. కళ్ళు మూసుకొని ఉంది. మూలగలేదు.

ఏడో బ్రేకరు దాటాక కళ్ళు తెరవకుండానే అంది: "బండి మెత్తగా పోతాంది లే."

అంతే. అదే ఆఖరి మాట. ఆస్పత్రిలో మాట్లాడే పని పెట్టుకోలేదు.

పదకొండేళ్ళు మాట్లాడకుండా ఓర్చుకొని, పోయేముందు ఒక్క దెబ్బ కొట్టి పోయింది. రాయి మీద కూర్చోబెట్టి తీసుకెళ్తున్నవాణ్ణి చూసి మెత్తగా పోతాంది అంది. పెళ్ళాం ఎత్తిపొడుపులు చాలా విన్నాను. దీన్ని మాత్రం క్షమించలేదు. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేదు. క్షమించనిది ఆమెనో నన్నో కూడా తేల్చుకోలేదు.

ఇప్పుడు ఆమె వచ్చి రోజూ గాలి తీస్తోందంటే ఆ నడుము నొప్పి ఇంకా పోలేదన్నమాట. కట్టెల మీద కాలినా పోలేదన్నమాట. నాకు దయ్యం భయం కాదు. ఆ లెక్క భయం.

గురువారం తెల్లవారుజామున షెడ్డు వైపు నుంచి చప్పుడు వినిపించి మెలకువ వచ్చింది.

"స్స్... స్స్..."

గాలి వదులుతున్న చప్పుడు. కాస్త ఆగి, మళ్ళీ. ముప్పై రెండేళ్ళ చెవి పొరబడదు. మంచం దిగి, రాడ్డు తీసుకొని, తలుపు తీసేసరికి ఆగిపోయింది. షెడ్డులో ఎవరూ లేరు. నాలుగు చక్రాల పైన, బంపరు మీద, ఎడమవైపు తలుపు మీద వేలి ముద్రలు. నూనె ముద్రలు. ఎడమవైపు సీటు ఆమెది. తలకు నూనె రాసుకొని ఆ చేత్తోనే తలుపు తీసేది. ఎన్నిసార్లు తిట్టానో లెక్క లేదు.

"చెయ్యి కడుక్కొని ఎక్కమే, బండికి జిడ్డు పడతాది."

"నువ్వు కూర్చున్న చోట పడేదానికంటే తక్కువే లేయా."

మీటరు పెట్టాను. ముప్పై.

హాల్లోకి వచ్చి ఫోటో ముందు నిలబడ్డాను.

"ఏమ్మే, నువ్వేనా?"

ఫోటో ఏమీ అనలేదు. బతికి ఉన్నప్పుడు కూడా అంతే. గెలిచిన రోజు ఏమీ అనేది కాదు.

సాయంత్రం ముప్పై అయిదు కొట్టించుకొని వచ్చి, షెడ్డు నేల మీద కారు చుట్టూ ముగ్గుపిండి పలచగా పోశాను. నాలుగు చక్రాల దగ్గర ఇంకాస్త. మా ఊళ్ళో గింజలు తినిపోయే ఎలుకను ఇట్లాగే పట్టేవాళ్ళం. ఎలుక అయితే నాలుగు వేళ్ళు పడతాయి. పిల్లి అయితే గుండ్రంగా పడుతుంది. ఏమీ పడకుండా గాలి ఒక్కటే దిగితే, అప్పుడు సంగతి వేరు.

శుక్రవారం పొద్దున చూస్తే పడి ఉన్నాయి.

అడుగులు. వట్టి కాళ్ళవి. చిన్న పాదాలు, ఆడమనిషివి. కారు చుట్టూ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ, అడుగులో అడుగు వేసి తిరిగినట్టు. ఎక్కడా తొందర లేదు. కుంకుమబొట్టు పెట్టడానికి పేరంటానికి వచ్చినట్టు తిరిగింది. తర్వాత ఆ అడుగులు బయటి గేటు వైపు వెళ్ళలేదు. ఇంట్లోకీ రాలేదు. మెట్ల పక్కన కుళాయి దాకా వెళ్ళి ఆగిపోయాయి. కుళాయి దగ్గర నేల తడిగా ఉంది. ఆ తర్వాత అడుగు లేదు.

అన్నపూర్ణ ల్యాబు నుంచి రాగానే కాళ్ళు కడుక్కునేది ఆ కుళాయి దగ్గరే.

నేను అక్కడే చతికిలబడ్డాను. రాడ్డు చేతిలోనే ఉంది. దేన్ని కొట్టాలో తెలియలేదు.

"అన్నయ్యగారూ!"

తల ఎత్తితే మెట్ల మీద రాహేలు. తెల్ల చీర, చేతిలో చిన్న సీసా.

"అన్నయ్యగారూ, మీరు భయపడకండి. మీ బండి చుట్టూ ఎవరో చేతబడి చేశారండి. తెల్లటి పొడి పోశారు. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

"పొడి..."

"ప్రార్థన చేసి ఏడుసార్లు చుట్టూ తిరిగానండి. బైబిల్లో యెరికో కోటగోడల చుట్టూ తిరిగి కూల్చినట్టు. ఏ దురాత్మ అయినా కూలిపోవాల్సిందే. ఆ పొడి కాళ్ళకు అంటుకుంటే ఇంట్లోకి రాకూడదని కుళాయి దగ్గర శుభ్రంగా కడిగేసుకున్నాను."

నేను ఆమె పాదాలు చూశాను. చిన్నవి.

"నిన్న కూడా వచ్చినారామ్మా?"

"నిన్న నూనె రాశానండి, ప్రార్థన చేసిన నూనె. డేనియల్ చెప్పాడు, బండిలో గాలి దానంతటదే పోతోందని. 'స్తోత్రం, స్తోత్రం' అని మెల్లిగానే చెప్పుకున్నాను, మీకు నిద్రాభంగం కాకూడదని."

స్స్. స్స్. ముప్పై రెండేళ్ళ చెవి.

"ఎవరండీ అంత దుర్మార్గులు? ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"లేదమ్మా."

"మనిషి కాదండీ వాడు, ఆ పొడి పోసినవాడు. వాడి చెయ్యి పడిపోవాలని ప్రార్థన చేశాను."

నేను కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆ రోజంతా మోచెయ్యి లాగుతూనే ఉంది.

అయినా ఒకటి మిగిలింది. ప్రార్థనకు గాలి దిగదు. కారు చక్రానికి మీటరు పెడితే అదే ముప్పై. రాహేలు వంగి చూసింది.

"అన్నపూర్ణమ్మ వస్తాందేమో అనుకున్నానమ్మా" అన్నాను. నోరు జారింది.

ఆమె సీసా మూత బిగించింది. అన్నపూర్ణతో పదేళ్ళు ఆ మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచిన మనిషి.

"అన్నయ్యగారూ, ఆవిడ దేవుడి దగ్గర ఉన్నారండి. టైర్ల దగ్గర ఆవిడకేం పని?"

"ఆ పని నేనే పెట్టినానమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేను అర్థం చెప్పలేదు.

ఒక్క పరీక్ష మిగిలింది. పరుశురాం షాపు అన్నపూర్ణకు తెలుసు. మా సందు తెలుసు. ఎన్నడూ వెళ్ళని చోట గాలి కొట్టిస్తే, అప్పుడు కూడా తెల్లారేసరికి దిగితే, అది ఆమే. ఇక అడగాల్సింది లేదు. క్షమాపణ చెప్పుకోవాలి, ఎట్లా చెప్పుకోవాలో అప్పుడు చూసుకోవచ్చు. నాకు అలవాటు లేని పని.

శుక్రవారం సాయంత్రం మల్కాజ్‌గిరి వెళ్ళాను. ఒక బంకులో అంకెలు వెలిగే మిషను ఉంది. ముప్పై అయిదు నొక్కితే అదే కొట్టి, అదే కూతపెట్టి ఆగింది. నాలుగు చక్రాలు, నాలుగు కూతలు. మనిషితో పనే లేదు. మర్యాదా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఇంటికి రాలేదు. క్యాంపస్ లోపలికి తిప్పాను. చినుకులు పడుతున్నాయి. రాతి కట్టడాలు తడిసి నల్లబడ్డాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. చెట్ల మధ్య నెమళ్ళు తడిసిన తోకలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి.

మొదటి బ్రేకరు. నా పళ్ళు టక్కున కొట్టుకున్నాయి.

రెండో బ్రేకరు. తల పైకప్పుకు తగిలింది. ఇదేమిటి? ఇదే కారు. ఇదే ముప్పై అయిదు. ఇదే దారి. రోజూ వెళ్ళే దారి. ఇట్లా ఎప్పుడూ లేదే?

మూడో దానికి నడుములో కలుక్కుమంది. నాలుగోదానికి పక్క సీటు మీద ఆమె వేసుకునే చిన్న దిండు, ఏడాదిన్నరగా నేను కదిలించనిది, ఎగిరి కింద పడింది. ఎవరో దాని మీద నుంచి లేచినట్టు ఎగిరింది.

కారు ఆపేశాను. రాడ్డు తీసి ముందు చక్రాన్ని కొట్టాను.

ఠంగ్.

చప్పుడు గోడలకు తగిలి తిరిగి వచ్చింది. నెమళ్ళు ఒక్కసారిగా అరిచాయి. అది నా బస్సు చప్పుడు. అసలైన గాలి చప్పుడు. పన్నెండేళ్ళుగా వారం వారం ఈ కారు టైర్లు కొట్టి, ఠంగుమంటోంది అని తల ఊపాను. కారు కొన్న కొత్తలో తప్ప ఈ చప్పుడు మాత్రం ఈ కారులో వినలేదు.

మరి ఇన్నేళ్ళూ నేను విన్నదేమిటి?

శనివారం పొద్దున, బండి కదలకముందు, మీటరు పెట్టాను.

ముప్పై అయిదు.

నాలుగూ ముప్పై అయిదే.

ఆమె రాలేదు. నేను కోరుకున్న అంకె అదే. ఆమె మీటరు, నా మాట. ఫోటో ముందు పెట్టడానికి అయిదు రోజులుగా కాచుకున్న అంకె. తీసుకెళ్ళలేదు. షెడ్డు గట్టు మీద కూర్చున్నాను. వస్తోంది అనుకున్నన్ని రోజులు భయమేసింది. రాలేదు అని తెలిసిన రోజు ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయింది. ఏడాదిన్నర క్రితం కానంత ఖాళీ.

కాసేపటికి బస్సు డ్రైవరు బుర్ర కొంచెం తిరిగింది. మల్కాజ్‌గిరిలో కొట్టిస్తే దిగలేదు. పరుశురాం కొడితేనే దిగుతోంది.

షాపు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. పరుశురాం షట్టరు ఎత్తి, నన్ను చూసి, మళ్ళీ సగం దించాడు.

"పైకెత్తు."

ఎత్తాడు.

"గోడ మీది రెండు మీటర్లూ తీయ్."

"ఎందుకు సార్?"

నేను జేబులోంచి స్టీలు పుల్ల తీశాను. దాన్ని చూడగానే అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"గది అమ్మ మీటర్ కదా సార్."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తది?" రెండు చేతులూ జోడించాడు. "సార్, ఒక్క మాట చెప్పున్రి. అమ్మ నిజంగనే వచ్చి చెప్పిందా? నాలుగు దినాల సంది నిద్ర లేదు. తప్పు చేసిన్నా అని."

"ముందు నువ్వు చెప్పు."

చెప్పాడు. పన్నెండేళ్ళ కింద ఒక సోమవారం మధ్యాహ్నం అన్నపూర్ణ ల్యాబు నుంచి నేరుగా అతని షాపుకు వచ్చింది. తన మీటరు, అతని రెండు మీటర్లు పక్కపక్కన పెట్టి చూసింది. ఒకటి సరిగ్గా ఉంది. రెండోది అయిదు ఎక్కువ చూపిస్తోంది.

"గది పారేస్త అమ్మా, ఖరాబైంది అన్న. 'వద్దు నాయనా, అట్లాంటి మీటరు కోసమే వెతుకుతాండా' అన్నది. జాకెట్ల నుంచి పసుపు దారం తీసి గట్టిగ కట్టింది. 'మా ఆయన వచ్చినప్పుడు ఇదే పెట్టు. ఆయనకు ముప్పై అయిదు కనబడాల. నాకు ముప్పై కావాల' అన్నది. ఇద్దరికీ దొరికె. నేనేం అబద్ధం చెప్పలే సార్. మీటర్ చెప్పింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మా ఆయన నలభై పెట్టిస్తాడు అన్నది."

పెట్టించేవాణ్ణే.

"పతి దసరకు వచ్చి పాత దారం తీసి కొత్తది కడుతుండె. ముందటేడు దసరకు నడవనీకి రాలె, ఆటోల వచ్చి ఆటోల నుంచే కట్టింది. గదే ఆఖరు."

గోడ మీద దారం చూశాను. పసుపు పోయి మట్టిరంగు తేలింది. ఒక పోగు తెగి వేలాడుతోంది.

"ఆమెను ఆస్పత్రికి తీసుకపోయిన ముందు రోజు సాయంత్రం గాలి కొట్టించినా. అప్పుడు ఏ మీటరు?"

"గిదే సార్. మీకు ఎప్పుడైనా గిదే."

పదకొండు బ్రేకర్లు. ముప్పై. ఆమె కళ్ళు మూసుకొని కూర్చుంది. బండి మెత్తగా పోతాంది లే అంది. మెత్తగానే పోయింది. ఉన్న మాట అంది. నేను ఏడాదిన్నర దాన్ని పట్టుకొని నములుతున్నాను.

ఆ రోజు కారులో ఆమె పెదవి చివర కాస్త వంకర ఉండింది. నొప్పి అనుకున్నాను. నవ్వు. పదకొండేళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్విన నవ్వు.

పరుశురాం ముక్కు తుడుచుకున్నాడు.

"ఆమె పోయినాక మరి ఎందుకు మానలేదు?" అన్నాను.

"అమ్మ ఆపమని చెప్పలే కదా సార్."

రోడ్డు మీద బస్సులు మొదలయ్యాయి. నాకు నడుము పీకుతోంది. ఒక్క సాయంత్రం నిజమైన ముప్పై అయిదుతో నాలుగు బ్రేకర్లు దాటిన నడుము. పదకొండేళ్ళుగా నన్ను కూడా మెత్తటి బండిలోనే తిప్పింది. పైగా, చూసినావా ముప్పై అయిదు ఎట్ల పోతాందో అని నా చేతే చెప్పించింది.

ఇట్లాంటి మనిషిని క్షమించకూడదు. నేను క్షమించలేదు. కారు తెచ్చి షాపు ముందు పెట్టాను.

పరుశురాం పైపు పట్టుకొని, రెండు మీటర్ల మధ్య చెయ్యి గాలిలో ఆపి, నా వైపు చూశాడు.

"ఏ మీటర్ సార్?"

"దారం ఉన్నది."

"ఎంత పెట్టాలె?"

వయసులో చిన్నవాడి ముందు మాట మార్చడం మా వంశంలో లేదు.

"ముప్పై అయిదు" అన్నాను.

గాలి వదిలాడు. స్స్. ఈసారి అది గాలే. నాలుగో చక్రం దగ్గర నన్ను పిలిచి ముల్లు చూపించాడు. కళ్ళద్దాలు సర్దుకొని, వంగి, కావలసినంతసేపు చూశాను.

"కరెక్టుగా ఉంది" అన్నాను.

దసరాకు ఇంకా మూడు నెలలుంది. పసుపు ఏ డబ్బాలో పెట్టిందో వెతకాలి. అది మిరియాల డబ్బాలో ఉన్నా నేను ఆశ్చర్యపోను.